గోడ కారు మీద పడిందా? కారు గోడను గుద్దిందా?

(2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను ముంచెత్తిన వరద, తేదీలు, నియమాలు యథార్థం. గడ్డిఅన్నారం గల్లీలోని ఈ రెండిళ్ల మనుషులు, వాళ్ల మధ్య జరిగిన తగువు మాత్రం ఆనాటి పరిస్థితుల ఆధారంగా అల్లిన కల్పన.)

2020 అక్టోబర్ 13. మంగళవారం. రాత్రి తొమ్మిది దాటింది.

కరెంటు పోయి గంటయింది. గల్లీలో ఒక్క కిటికీలోనూ వెలుగు లేదు. వాన మాత్రం ఆగట్లేదు. పొద్దున జల్లుగా మొదలైంది. మధ్యాహ్నానికి ముదిరింది. చీకటి పడ్డాక దానికి పిచ్చెత్తింది. మొదటి అంతస్తు బాల్కనీలోంచి లెక్చరర్ సెల్‌ఫోన్ టార్చి కిందికి కొట్టాడు. ఎదురింటి ప్రహరీ వారన తన తెల్ల స్విఫ్ట్. టైర్లు సగం మునిగాయి.

"తాళాలేవి? తీసి మెయిన్ రోడ్డు మీద పెట్టొస్తా."

"దిగొద్దు." భార్య తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఆ స్కూటరాయన సంగతి మర్చిపోయారా?"

మర్చిపోలేదు. మూడు వారాల కిందటే, సెప్టెంబర్ 20న, సరూర్‌నగర్‌లో స్కూటర్ మీద వెళ్తున్న మనిషిని వరద లాక్కెళ్లి చెరువులో కలిపేసింది. ఆ వీడియో ఈ గల్లీలో అందరి ఫోన్లలోనూ ఉంది. లెక్చరర్ చెయ్యి తాళాల మీదే ఆగింది. సరిగ్గా అప్పుడే బయట ఏదో చిట్లింది.

ముందు పొడుగ్గా ఒక పగులు చప్పుడు. వెంటనే రేకు మీద ఇటుకలు రాలిన మోత. కారు హారన్ దానంతటదే గుక్కపట్టి అరిచింది. నాలుగు ఇండికేటర్లూ చీకట్లో పసుపుగా కొట్టుకున్నాయి. అవి కొట్టుకుంటుండగానే నీళ్లు ఒక్క తోపున గల్లీలోకి దూకాయి. హారన్ గొంతు మారింది, బొంగురుపోయింది, ఆగిపోయింది. లైట్లు నీళ్ల కింద ఇంకో రెండుసార్లు వెలిగి ఆరాయి. తర్వాత ఏం జరిగిందో ఎవరికీ కనపడలేదు.

ఆ పొద్దున్నే కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా కదిలింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. హయత్‌నగర్‌లో దాదాపు 30. బేగంపేటలో 19 దాటింది. అక్టోబర్ నెలలో ఒక్కరోజులో అంత వాన అక్కడ నూరేళ్లకు పైగా ఎప్పుడూ పడలేదు. గడ్డిఅన్నారానికి వాన ఒక్కటే కాదు గండం. మీర్‌పేట చెరువులు నిండితే నీళ్లు సరూర్‌నగర్ చెరువుకు వస్తాయి. అది నిండి పొర్లితే కోదండరాంనగర్, గడ్డిఅన్నారం, చైతన్యపురి మీదుగా మూసీ దారి పడతాయి. ఒకప్పుడు వాగు పారిన ఆ దారిలోనే ఇప్పుడు ఇళ్లున్నాయి. ఆ రాత్రి నీళ్లు తమ పాత దారినే వెతుక్కుంటూ వచ్చాయి. దారిలో ఎదురింటి ప్రహరీ ఉంది.

14 పొద్దున ఆరు. నీళ్లు మోకాలి దాకా దిగాయి. బురద, డీజిల్, డ్రైనేజీ కలిసిన వాసనకి మాస్కు ఉన్నా కడుపులో తిప్పుతోంది. లుంగీ ఎగ్గట్టి, తాళాలు పళ్ల మధ్య కరిచిపట్టి లెక్చరర్ గల్లీలోకి దిగాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

కారు రాత్రి పెట్టిన చోట లేదు. పూర్తిగా పోనూ లేదు. ముక్కు అక్కడే ఉంది, బానెట్ మీద ప్రహరీ కుప్పకూలి ఉంది. తోక మాత్రం గిర్రున తిరిగి గల్లీకి అడ్డంగా, ఎదురింటి గేటు దాకా వెళ్లింది. ఆ గేటు పిల్లర్ విరిగి నీళ్లలో పడుంది. అద్దం నిండా పగుళ్లు. సీట్ల మీద అంగుళం మందాన ఒండ్రు. అతనికి ఒకటే ఆలోచన. ఇంజన్ బతికుందా? తలుపు లాగాడు. కూర్చున్నాడు. తాళం పెట్టాడు.

"తిప్పకు!"

ఎదురింటి వరండాలోంచి అరుపు. పెద్దాయన మోకాలి నీళ్లలో పడుతూ లేస్తూ వస్తున్నాడు. "తాళం తిప్పకు సారూ! ఇంజన్‌ల నీళ్లుంటయ్. గాలి అయితే అణుగుతది, నీళ్లు అణగయ్. తిప్పినవంటే రాడ్లు వంగిపోతయ్. ఇంజన్ ఖతం!"

దిల్‌సుఖ్‌నగర్ ఆర్టీసీ డిపోలో ముప్పయ్యేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన చేతులు అవి. ఆ చెయ్యి కిటికీలోంచి దూరి తాళాన్ని బయటికి లాగేసింది. లెక్చరర్ ఊపిరి పీల్చుకున్నాడు. థ్యాంక్స్ చెప్పాలని నోరు తెరిచాడు. పెద్దాయన అప్పటికే గేటు వైపు చూస్తున్నాడు.

"ఇగ నా పిల్లర్ సంగతేంది? నీ కార్ తేలొచ్చి గుద్దింది. పిల్లర్ పోయింది, దాంతో గోడ పోయింది. ఎవరు కట్టిస్తరు?"

"అంకుల్! మీ గోడే కదా కారు మీద పడింది!"

"గోడ దానంతటది పడ్తదా?"

"పడుతుందని ఆగస్టులోనే చెప్పాను మీకు!"

గల్లీ మొత్తం బాల్కనీల్లోకి వచ్చింది.

ఆగస్టులో చెప్పిన మాట నిజమే. ప్రహరీ అడుగున వేలు దూరేంత బీట. లెక్చరర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. రెండు నీలి టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. పెద్దాయన దగ్గర జవాబు ఉంది, డబ్బు లేదు. పై రెండంతస్తులూ హాస్టల్ పిల్లలకి అద్దెకిచ్చి బతుకుతున్న ఇల్లది. మార్చిలో లాక్‌డౌన్ పడింది. కోచింగ్ సెంటర్లు మూతపడ్డాయి. పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోయారు. అద్దెలు ఆగిపోయాయి. ఎదురింట్లో లెక్చరర్ జీతం కూడా ఆ కోచింగ్ సెంటర్ల నుంచే రావాలి. అదీ సగానికి పడిపోయింది. అయితే పెద్దాయన దగ్గరా ఒక మాట ఉంది. జూన్‌లోనే అన్నాడు: వానాకాలంల నా గోడ పక్కన కార్ పెట్టకు సారూ. ఆ మాట విన్న సాక్షులు బాల్కనీల్లోనే ఉన్నారు.

ఇద్దరూ చెప్పారు. ఇద్దరూ వినలేదు.

"కేసు పెడతా" అన్నాడు లెక్చరర్.

"పెట్టుకో. నేనూ పెడ్త."

స్టేషన్‌లో ఆ రోజు కార్ల గోడు వినే తీరిక ఎవరికీ లేదు. వరండాలో తడిసిన జనం. వైర్‌లెస్ సెట్లో ఎడతెగని గరగర. ఎక్కడో మనుషులు కొట్టుకుపోయారట, ఎక్కడో గోడ కూలి ఇళ్ల మీద పడిందట. బండ్లగూడలో ప్రహరీ కూలి ఒక్కసారే తొమ్మిది మంది పోయారన్న కబురు అక్కడే వాళ్ల చెవిన పడింది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని కానిస్టేబుల్ ఓపిగ్గా విన్నాడు.

"సార్, ఆయన మీ కారు పగలగొట్టాలని గోడ కూల్చాడా?"

"లేదు."

"మీరు ఈయన పిల్లర్ ఇరగ్గొట్టాలని కారు తోలిన్రా?"

"నేను ఇంట్లో ఉన్నానండీ."

"మరి ఐపీసీ 427 కేసు ఎట్ల కడతం? దానికి కావాలని చేసుండాలె, లేకుంటే ఇట్లయితదని తెలిసి చేసుండాలె. ఇది సివిల్. నష్టపరిహారం దావా వేసుకోండి. ఎల్బీనగర్‌ల రంగారెడ్డి జిల్లా కోర్టుంది. అక్కడే న్యాయసేవాధికార సంస్థ ఉంటది, దావా వేయకముందే లోక్ అదాలత్‌ల కూర్చోబెడతరు. ఫీజుండదు." పెన్ను మూత పెట్టేశాడు. "ఒక్కటి మాత్రం తేల్చుకోని పోండి. ముందు ఏది దేన్ని తాకింది?"

దానికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ఇన్సూరెన్స్ కాల్ సెంటర్ అమ్మాయి గొంతు మర్యాదగానే ఉంది. "సార్, మీది కాంప్రిహెన్సివ్ పాలసీ. వరద నష్టం వర్తిస్తుంది. ఇంజన్ ప్రొటెక్ట్ మాత్రం తీసుకోలేదు. స్టార్ట్ చేశారా?"

"లేదు."

"మంచిది సార్. నీళ్లున్నప్పుడు స్టార్ట్ చేసి ఇంజన్ పాడైతే క్లెయిమ్ రాదు. సర్వేయర్ వచ్చేదాకా బండి కదపకండి. ఫొటోలు తీసి పెట్టుకోండి."

"సర్వేయర్ ఎప్పుడొస్తారు?"

"క్లెయిములు చాలా ఉన్నాయి సార్. లైన్లో పెట్టాం."

లెక్చరర్ ఫోన్ పెట్టేశాడు. పెద్దాయన లాక్కున్న తాళం ఇంకా పెద్దాయన దగ్గరే ఉంది. వెళ్లి అడగాలంటే మాట్లాడాలి. మాటలు బంద్ అయి అప్పటికి రెండు రోజులు.

ఆ రెండు రోజులూ రాత్రిళ్లు అతనికి నిద్ర లేదు. పిల్లలకి చెప్పే పాఠమే బుర్రలో తిరిగింది. మీటరు లోతు నీళ్లు, మీటరు పొడవు గోడను దాదాపు అరటన్ను బరువుతో తోస్తాయి. లోతు రెండింతలైతే తోపు నాలుగింతలు. ఎదురింటిది నాలుగంగుళాల ఇటుక గోడ. అడుగున నీళ్లు పోయే కంత ఒక్కటీ లేదు. వెనక కాల్వ పొంగి, ఇంటి చుట్టూ తిరిగి, ముందు వాకిట్లో నీళ్లు నిండి ఉంటాయి. గోడ కట్టలా ఆపింది. ఆపి ఆపి గల్లీలోకి ఒరిగింది. అందుకే చప్పుడు తర్వాత నీళ్లొచ్చాయి. లెక్క సరిగ్గా ఉంది. అయినా ఒకటి కుదరట్లేదు. గోడే కారు మీద పడి నొక్కేస్తే, మరి తోక ఎలా తిరిగింది?

17. శనివారం. సాయంత్రం మళ్లీ ఆకాశం నల్లబడింది.

మొదటి చినుకులు లావుగా పడ్డాయి. గల్లీ మొదట్లో ఎవరో అరిచారు, మ్యాన్‌హోల్ పొంగుతోందని. అరగంటలో చీలమండ దాకా వచ్చాయి. సర్వేయర్ రాలేదు. బానెట్ మీద ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి, సాక్ష్యమని ఇద్దరూ ముట్టుకోలేదు. వదిలేస్తే రాత్రికి కారు మళ్లీ తేలుతుంది. ఈసారి మిగిలిన గోడనూ, గేటునూ, ఎదురుపడ్డ మనిషినీ కూడా గుద్దుతుంది. కదిపితే సర్వేయర్ ఏమంటాడో తెలీదు. లెక్చరర్ మెట్ల మీద నిలబడి నీళ్లను చూస్తున్నాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

పెద్దాయన చేతిలో కారు తాళం. భుజాన మోకు.

"నూకుదాం పా. మెయిన్ రోడ్డు ఎత్తు మీద ఉంది."

"సర్వేయర్ వచ్చేదాకా కదపొద్దన్నారు."

"గందుకే ముందుగాల ఫొటోలు తియ్యి. ఇటుక ఇటుకకి తియ్యి. డిపోల యాక్సిడెంట్ బండి కదిలియ్యాలంటే మేం గట్లనే చేసేటోళ్లం."

లెక్చరర్ భార్య గొడుగు వదిలేసి రెండు చేతులా ఫోన్ పట్టుకుని వీడియో మొదలుపెట్టింది. పెద్దాయన భార్య టార్చి పట్టింది. మొదటి ఇటుక లేచింది. టార్చి వెలుగు బానెట్ మీద పడింది. నలుగురూ వంగి చూశారు.

చుట్టూరా ఒండ్రు. ఇటుక లేచిన చోట మాత్రం శుభ్రమైన తెల్ల పెయింటు, అంచులు గీసినట్టు, ఇటుక కొలతకి సరిగ్గా. రెండో ఇటుక తీశారు. కిందంతా తెలుపే. మూడోది. తెలుపే. బురద నీళ్లు బానెట్ ఎక్కకముందే ఇటుకలు అక్కడికి చేరాయి. గోడే ముందు పడింది. పెద్దాయన నాలుగో ఇటుక చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఆయనే టార్చి తీసుకుని కారు వెనక్కి నడిచాడు.

"సారూ, ఇటు రా."

వెనక బంపర్ మీద నాలుగు గీతలు. లోతుగా. గీతల్లో ఆకుపచ్చ రంగు ఇరుక్కుని ఉంది. గల్లీలో ఆకుపచ్చ రంగు వేసింది ఒక్క దానికే, విరిగిన ఆ గేటు పిల్లర్‌కి. లెక్చరర్‌కి కుదరని లెక్క అక్కడ కుదిరింది. బరువంతా ఇంజన్ ఉన్న ముందు వైపు. దాని మీద ఇటుకల కుప్ప. ముక్కు నేలకి బిగుసుకుపోయింది, ఖాళీ తోక తేలింది, వాకిట్లోంచి దూకిన నీళ్లు దాన్ని తిప్పి పిల్లర్‌కేసి కొట్టాయి. గోడ కారు మీద పడింది. కారు పిల్లర్‌ను గుద్దింది. ఇద్దరూ నిజమే చెప్పారు, సగం సగం.

మాట్లాడుకోవడానికి టైం లేదు. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.

ఇటుకలు దించారు. బానెట్ గునపంతో లేపారు. పెద్దాయన డిప్‌స్టిక్ లాగి టార్చి కింద పెట్టాడు. నూనె నల్లగా లేదు. కాఫీ రంగులో, నురగతో ఉంది. "చూసినవా? నీళ్లు కలిసినయ్. ఆ పొద్దు తిప్పుంటే గీడికే అయిపోతుండె." గేరు న్యూట్రల్‌లో పడేశాడు. మోకు ముందు కొక్కేనికి వేశాడు. పై ఇంటి కుర్రాళ్లు ఇద్దరు దిగారు, మూలమీది కిరాణా అతను దిగాడు, వాన ముఖాలకి కొడుతుంటే, కాళ్ల కింద ఏముందో తెలియని నీళ్లలో, "ఐసా" అంటే ఒక అడుగు, "ఐసా" అంటే ఇంకో అడుగు, మధ్యలో ఒకసారి టైరు గుంటలో దిగబడి కారు వెనక్కి జారితే లెక్చరర్ భుజం అడ్డం పెట్టి, ఆ భుజానికి పెద్దాయన భుజం అడ్డం పెట్టి, గల్లీ చివరి చడావు ఎక్కించేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ఆ రాత్రే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. గడ్డిఅన్నారం గల్లీలోకి మళ్లీ నడుం లోతు వచ్చింది. ఈసారి తేలడానికి అక్కడ కారు లేదు. కానీ కదిపిన కారుకి కంపెనీ డబ్బిస్తుందా?

సర్వేయర్ వచ్చేసరికి ఎండ కాస్తోంది. అప్పటికి ముంపు ఇళ్లకి ఇంటికి పది వేల సాయం అని ముఖ్యమంత్రి ప్రకటించేశారు. గల్లీ నిండా ఆధార్ జిరాక్సులు పట్టుకున్న జనం. సర్వేయర్ వీడియో రెండుసార్లు చూశాడు. కారు చుట్టూ తిరిగాడు. గీతల్ని గోరుతో గీకాడు.

"ముంపు నుంచి తప్పించడానికి కదిపారు, ఆధారం ఉంది. ఇబ్బంది లేదు. ఇంతకీ ఆ గోడ ఎవరిది?"

లెక్చరర్ తల తిప్పలేదు.

"ముందే బీటలున్నాయా? ఎవరైనా హెచ్చరించారా?"

ఆగస్టు ఫొటో లెక్చరర్ జేబులోని ఫోన్లోనే ఉంది. దాచితే అబద్ధం ఆడినట్టు. చూపిస్తే పెద్దాయన ఇరుక్కుంటాడు. జేబు మీద చెయ్యి పడింది. అంతలో వెనక నుంచి గొంతు వినపడింది.

"నాదే సార్ గోడ. బీట ఆగస్టులనే ఒచ్చింది. ఈయన ఫొటో గూడ పంపిండు. పైసల్లేక కట్టలే."

సర్వేయర్ రాసుకున్నాడు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "రాయక తప్పదు పెద్దాయనా. కంపెనీ ఈయనకి డబ్బిచ్చాక, మీ మీద వసూలు చేసుకునే హక్కు కంపెనీకి వస్తుంది. వాడుకుంటారా లేదా అన్నది వాళ్లిష్టం." లెక్చరర్ వైపు తిరిగాడు. "మీరూ ఒకటి గుర్తుపెట్టుకోండి. మాకు చెప్పకుండా 'నష్టమంతా తేలిపోయింది' అని ఈయనకి రాసివ్వకండి. కంపెనీ ఇవ్వని సొమ్ము వరకే మీ మధ్య లెక్క."

ఇవ్వని సొమ్ము ఎంత? ఆ రాత్రి రెండిళ్ల మధ్య కొత్త లెక్క మొదలైంది.

ఈసారి లెక్చరర్ డైనింగ్ టేబుల్ మీద. నాలుగు టీలు. ఒక తెల్ల కాగితం. కారు నాలుగో ఏట ఉంది, అందుకని మార్చిన రేకు భాగాల ధరలో పావు వంతు తరుగు. బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకైతే సగం. అద్దానికి తరుగు లేదు. చిన్న ఇంజన్ కారు కాబట్టి తప్పనిసరి కోత వెయ్యి. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన 35 శాతం బోనస్ వచ్చే ప్రీమియంలో గల్లంతు. అన్నీ కూడితే లెక్చరర్ జేబులోంచి పోయేది 25 వేలు.

"దీంట్ల వాన ఎంత చేసింది, గోడ ఎంత చేసింది?" పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు.

పద్దులు విడదీశారు. సీట్లు, వైరింగు, ఇంజన్ శుభ్రం, వెనక బంపర్: వాన ఖాతా. 6 వేలు. అది ఎవరి మీదా లేదు, కారున్నవాడే భరించాలి. బానెట్, హెడ్‌లైట్లు, ముందు బంపర్, పోయిన బోనస్: గోడ ఖాతా. 19 వేలు.

"పిల్లర్?" అంది పెద్దాయన భార్య. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు.

మేస్త్రీ 7 వేలు చెప్పాడు. జూన్‌లో వద్దన్నా అక్కడే పెట్టిన కారు కొట్టిన దెబ్బ. లెక్చరర్ భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. 19లోంచి 7 తీసేశారు.

"పన్నెండు. ఒక్కసారి నాతోని కాదు సారూ. హాస్టల్ పిల్లలు ఇంకా రాలే."

"నెలకి రెండు వేలు. ఆర్నెల్లు."

లెక్చరర్ రాయడం మొదలుపెట్టాడు. కంపెనీ ఇవ్వని సొమ్ముకు మాత్రమే ఈ ఒప్పందమని పైన స్పష్టంగా రాశాడు. కంపెనీ నుంచి పెద్దాయనకి నోటీసు వస్తే వీడియో, ఈ కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసే వెళ్లాలని కింద రాశాడు. కొత్త ప్రహరీ తొమ్మిదంగుళాల మందం, అడుగున మీటరుకొక పైపు కంత, వాకిట్లో నీళ్లు నిలవకుండా. పెద్దాయన ఒప్పుకున్నాడు. పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

"ఇంకొకటి రాయి."

ముగ్గురూ ఆయన్నే చూశారు.

"జూన్ నుంచి దసరా దాకా నా గోడ పక్కన కార్ పెట్టొద్దు."

లెక్చరర్ రాశాడు. రాసింది మళ్లీ చదువుకున్నాడు. 'దసరా' కొట్టేసి 'అక్టోబర్ 31' అని దిద్దాడు.

"గదీ" అన్నాడు పెద్దాయన. సంతకం పెట్టాడు.